ఆంథోని కొరికిన తునికి కట్టె

ఏదీ, ఆ ఫోను ఇటు తే మహిమా. కిటికీల కండ్లద్దాలున్నయ్, అవి గూడ అందుకో. ఆఁ... ఇదొకటి, ఇదొకటి. ఈ ఫోటోలల్ల ఇంజన్లు రెండూ నీ వ్యానుకు సరిపోతయన్నడా మెకానిక్? సరిపోతయ్ లే, ఎందుకు సరిపోవు. ఒకటేమో కడిగిన పళ్లెం లెక్క మెరుస్తున్నది, ఇంకోటేమో మసిగుడ్డ తీరుగ ఉన్నది. నన్నడుగుతవేంది బిడ్డా, ముప్పై నాలుగేండ్లు బళ్లె ఎక్కాలు చెప్పినోణ్ణి, నాకు ఇంజన్ల సంగతి ఏం తెలుసు? మీ ఆయన్నడుగు. ఆయన మెరిసేదే కొనమంటున్నడా? అంటడు, ఎవరైనా గదే అంటరు. నేను గూడ అన్న ఒకప్పుడు. కూసో, ఆ కుర్చీ ఇట్ల జరుపుకో. నాకు తెల్సిన ఇంజను ముచ్చట ఒక్కటే. అది గూడ ఇంజను ముచ్చట కాదు, ఆంథోని ముచ్చట. నువ్వు ఆయన్ని చూసి ఉండవు, ఆయన పోయి ఇరవై ఏండ్లు దాటింది. మీ నానమ్మ బతికుంటే నాకంటె మంచిగ చెప్పేది. మా అక్క నోరు అసుంటిది, ఒక్క మాట చెప్తే ఎదుట మనిషి వచ్చి నిలబడ్డట్టే ఉంటుండె.

మీ నానమ్మ ఫ్లోరెన్సు అప్పుడు మన చర్చి దవాఖానాల నర్సు. నర్సంటే నర్సు, కాంపౌండరంటే కాంపౌండరు, అవసరమైతే డ్రైవరు. అవునే, కారు నడిపేది! దుమ్ముగూడెంల అప్పుడు ఆడమనిషి స్టీరింగు పట్టుకున్నదంటే జనం పని ఆపి చూసేది. తెల్ల అంబాసిడర్. వెనక సీటు పీకేసి పరుపు వేసిన్రు, మనిషిని పండబెట్టెటట్టు. అడవిల ఊర్ల నుంచి జరమొచ్చినోళ్లను, పాము కరిచినోళ్లను, కాన్పుకొచ్చినోళ్లను మంచం తిరగేసి భుజాల మీద మోసుకొని రోడ్డు దాకా వచ్చేది. అక్కడి నుంచి భద్రాచలం పెద్ద దవాఖానకు ఆ కారే దిక్కు. గోదారిని ఆనుకొని పోయే రోడ్డు, నడుమ వాగులు. ఎండాకాలమైతే ఎడ్లబండన్నా దొరుకుతది. వానలు మొదలైతే బురదల బండి గూడ కదలది. ఎనభై ఎనిమిది ఎండాకాలంల ఆ కారు పెట్రోలు ఇంజను చేతులెత్తేసింది. పొగ... ఏం పొగ! ముందల కారు, వెనక మబ్బు. ఇగ దీన్ని బాగు చేసుడు దండుగ, పాత డీజిల్ ఇంజను ఒకటి తెచ్చి వేద్దాం, జూన్ వానలు దిగకముందే రోడ్డెక్కాలె అని సంఘంల తీర్మానం చేసిన్రు. రెండు ఇంజన్ల సంగతి తెలిసింది. ఒకటి ఖమ్మంల కోటేష్ అని పాత సామాన్ల షాపాయన దగ్గర, ఇంకోటి తల్లాడ దగ్గర రాంబాబు అని ఒక మిర్చి రైతు చేన్ల. కొనెటందుకు ఒక్కదానికే తాహతు. కొన్నది గిట్ల తప్పుదైతే ఆ ఏడు వానాకాలమంతా మళ్ల మంచం మోతే. గది మాత్రం యాదిల పెట్టుకో.

ఆంథోని ఎవరంటవా? మెకానిక్ బిడ్డా. పుట్టింది పినపాక దిక్కు, పెండ్లి చేసుకొని ఇటొచ్చిండు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందల ఒక గుంత, గుంత మీద రెండు దూలాలు, గంతే. మనిషి పొట్టి, మీసం పెద్దది. పిలిస్తే పలికెటోడు కాదు. కారు కింద ఉంటే సరే అనుకో, టీ తాగుకుంట కూసున్నా పలికెటోడు కాదు. ముంగటికి పోయి నిలబడితేనే, 'ఏంది సారూ' అనెటోడు. జనం ఏమన్నరంటే, 'వీనికి పొగరు. పనొచ్చు అని పొగరు.' మన సంఘ పెద్ద సుకుమార్ గారున్నడు చూడు, ఫారెస్టు ఆఫీసుల హెడ్ గుమస్తా చేసి దిగిండు, అంగి మీద ముడత ఉండనియ్యడు, ఆయనకైతే ఆంథోని అంటే కారం రాసినట్టే. 'సోదరులారా, మర్యాద లేని మనుష్యుని చేతిలో దేవుని వాహనమును పెట్టుట ఎట్లు?' అనెటోడు. మామూలు మాట గూడ ప్రార్థన చేసినట్టే మాట్లాడుతడు. అంతకుముందు ఏడు ఆయన స్కూటరు ఆంథోని బాగుచేసిచ్చిండు. ఈయన వెనక నుంచి ఏదో చెప్పిండు, ఆంథోని తిరిగి చూడలే, సుకుమార్ గారు స్కూటర్ ఎక్కి పోయి మళ్ల ఆ షెడ్డు గడప తొక్కలే. ఆయన తొక్కకపోతే సంఘంల సగం మంది తొక్కలే. షెడ్డు మూసుకొని మళ్ల పినపాక పోయి కూలి పని చూసుకుంటమని ఆంథోని భార్య మా అక్క దగ్గర కండ్లనీళ్లు పెట్టుకున్నది. అందుకే మా అక్క పట్టుబట్టింది. 'ఇంజను ఏదో ఆంథోనే చెప్పాలె. బిగించేది ఆయనే గద.' సుకుమార్ గారు సరే అన్నడు గాని ఒక మెలిక పెట్టిండు. 'ప్రభు మాస్టారు వెంట పోవలెను. మాస్టారు సాక్ష్యము చెప్పవలెను. ఇది తప్పినచో ఆంథోనికి ఈ ఊరిలో ఇక పని లేదు.' ప్రభు మాస్టారంటే నేనే గద, అబద్ధం చెప్పనని నాకు పేరు. ఆ పేరు ఎంత పని చేసిందో చెప్తా ఆగు.

పొద్దుగాల నేను, ఆంథోని బస్సెక్కి ఖమ్మం పోయినం. కోటేష్ మంచోడే, రాంగనే గోలీసోడాలు తెప్పిచ్చిండు. ఇంజన్ను ఇనుప స్టాండు మీద కూసోబెట్టి, వెండి రంగు వేసి, దండ ఒక్కటే తక్కువ. 'అన్నా, చూడుండ్రి, పెండ్లికొడుకే! పల్లకీ ఎక్కుడే తరువాయి' అన్నడు. సెల్ఫ్ కొడితె ఒక్క దెబ్బకే లేచింది. సౌండంటవా, పిల్లి ఒళ్లె కూసున్నట్టు, గుర్రు గుర్రు. నాకు పానం నిమ్మళమైంది, ఒక్క రోజుల పని అయిపోయింది అనుకున్న. ఆంథోని జేబుల నుంచి ఒక కట్టె తీసిండు. జానెడున్నర ఉంటది, తునికి చెట్టు చేవ, నల్లగ నునుపుగ. ఒక కొస ఇంజను కిందిభాగం మీద ఆనిచ్చిండు, ఇంకో కొస పండ్ల మధ్య పెట్టి కొరికిండు. కండ్లు మూసుకున్నడు. కోటేష్ నవ్వు ఆపుకోలేకపోయిండు. 'ఏందన్నా, ఇంటికాడ పండ్లు తోముకోలేదా?' నేను గూడ నవ్విన, ఎందుకబద్ధం. ఆంథోని కట్టె పైకి జరిపిండు, కిందికి జరిపిండు, పక్కకు జరిపిండు. తరువాత కట్టె అంగికి తుడుచుకొని జేబుల పెట్టుకున్నడు. 'ఇది కాదు సారూ' అన్నడు. 'ఎందుకు కాదు?' 'కింద గుద్దుతున్నది. బేరింగులు పోయినయ్. చిక్కటి గేరాయిల్ పోసి మోత నొక్కిన్రు. వారం దినాలు పాట పాడుతది, ఎనిమిదో దినం నడి వాగుల కూసుంటది.' కోటేష్ మొకం చిన్నగైంది. 'నేను వేలంల కొన్న అన్నా, ఏం పోసిన్రో నాకు తెల్వదు' అన్నడు. నిజంగనే తెల్వదేమో. నేనైతే ఎంత చెవి పెట్టినా గుద్దుడు లేదు గిద్దుడు లేదు, గుర్రు గుర్రు ఒక్కటే.

అటునుంచి తల్లాడ. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచినం, ఎండ నెత్తి మీద. రాంబాబు చేన్ల బావి ఒడ్డున ఉన్నది ఆ ఇంజను. ఏదో కారు కల్వర్టుకు గుద్దుకుంటే దాని ఇంజను మాత్రం పీకి, నీళ్లు తోడెటందుకు పెట్టుకున్నడు. అప్పట్ల రైతులు గట్ల చేసెటోళ్లు, కరెంటు వస్తదో రాదో. దాని వాలకం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఒళ్లంతా ఆయిలు, ఆయిలు మీద దుమ్ము, దుమ్ము మీద మిరప ఆకులు. హ్యాండిల్ వేసి తిప్పిండు రాంబాబు, మొదట దగ్గింది, తుమ్మింది, తరువాత లేచింది. లేచి... టకటక టకటక, ఇనుప డబ్బాల గులకరాళ్లు వేసి ఊపినట్టు. నేను రెండు చెవులు మూసుకున్న. ఆంథోని మాత్రం కట్టె కొరికి, కండ్లు మూసి, గట్లనే నిలబడ్డడు. నిలబడ్డడు, నిలబడ్డడు... మొకంల నవ్వు మెల్లగ వచ్చింది, చంటిపిల్ల నిద్రల నవ్వినట్టు. 'ఇది సారూ' అన్నడు. 'పైన మోత టాపెట్లది, వాటి సందు సరిచేస్తె పోతది, ఒక్క పూట పని. కింద మాత్రం మస్తు నిమ్మళంగ ఉన్నది. ఆయిలు కారి కారి ఇనుముకు తుప్పు గూడ పట్టలే.' చూసినవా, మనం తిట్టుకునే ఆయిలే దాన్ని కాపాడింది. రాంబాబు మాకు అన్నం పెట్టి, పచ్చిమిరపకాయ తొక్కు వేసిండు. ఆ తొక్కుకు నాకు ఎక్కిళ్లు పడితె నీళ్లు తెచ్చిచ్చింది ఆయన బిడ్డ, ఏం పేరు... శ్యామల. ఇప్పుడు వైరాల టీచరంట. సరే, ఎక్కడున్న?

ఆ... తల్లాడ సెంటరు. బస్సు కోసం నిలబడ్డం. ఆంథోని రోడ్డు దాటుతున్నడు, వెనక నుంచి లారీ. ఏం హారన్ అది, చచ్చినోడు గూడ లేస్తడు. ఆంథోని మాత్రం నింపాదిగ నడుస్తున్నడు, పెండ్లి ఊరేగింపుల నడిచినట్టు. నేను ఉరికి పోయి అంగి పట్టి గుంజిన, ఇద్దరం మట్టిల పడ్డం. లారీ డ్రైవరు మా అమ్మను నాయిన్ను తలుచుకొని పోయిండు. నేను తిట్టుకుంట లేస్తున్న, ఆంథోని నా నోటి దిక్కు చూస్తున్నడు. కండ్లల్లకు కాదు, నోటి దిక్కు. అప్పుడు నాకు అర్థమైంది బిడ్డా. నాలుగేండ్ల సంది రోజూ చూసే మనిషి, గప్పుడు అర్థమైంది. టీ కొట్టు బల్ల మీద కూసున్నంక ఆయనే చెప్పిండు. వయసుల ఉన్నప్పుడు కంకర మిషను దగ్గర పని, పదేండ్లు ఆ మోతల. చెవులు మెల్లమెల్లగ పోయినయ్. ఒకరోజు రెండు చేతులు ఖాళీ లేక స్క్రూడ్రైవర్ పండ్లతోని పట్టుకున్నడంట. దాని కొస పోయి నడుస్తున్న ఇంజనుకు తగిలింది. 'సారూ, మూడేండ్ల తరువాత మొదటిసారి ఇంజను మాట్లాడింది నాతోని. నేను షెడ్డుల కూసొని ఏడ్చిన' అన్నడు. ఇనుము పండ్లకు జివ్వున కొడుతున్నదని అడవి ఊర్ల గంగయ్య అనెటాయన తునికి చేవ నుంచి కట్టె చెక్కి ఇచ్చిండంట. ఇంట్ల భార్య గాక గంగయ్యకు ఒక్కనికే ఈ సంగతి తెలుసు. మనుషుల మాటంటే పెదవులు చూసి పట్టుకుంటడు. 'చెవిటి మెకానిక్ అంటే బండి ఎవరిస్తరు సారూ? ఎవ్వరికి చెప్పకు' అన్నడు. చెప్పనని మాటిచ్చిన.

ఆదివారం ఆరాధన అయినంక మీటింగు. సుకుమార్ గారు లేచి, 'ప్రభు మాస్టారూ, మీరు స్వయముగా విన్నారు. ఏ ఇంజను శబ్దము బాగున్నది?' అనడిగిండు. నేను అబద్ధం చెప్పను గద! నిలబడి, 'ఖమ్మం ఇంజను సౌండు మెత్తగ ఉన్నది. తల్లాడది డబ్బాల రాళ్లున్నట్టే ఉన్నది. ఆంథోని మాత్రం తల్లాడదే మంచిదంటున్నడు' అన్న. నిజమే చెప్పిన అనుకున్న. సగమే చెప్పిన మహిమా. మాటిచ్చిన గనక కట్టె సంగతి మింగిన, సాక్ష్యం గనక సౌండు సంగతి కక్కిన. ఈ రెండింటి నడుమ ఆ మనిషి నలిగిపోయిండు. అందరు గుసగుసలు. 'చూసినరా, రాంబాబు దగ్గర ఏదో ముట్టి ఉంటది.' 'మాస్టారు చెవులకంటె వీని పొగరు పెద్దదా?' సుకుమార్ గారు, 'ఆంథోనీ, ఏమి నీ సమాధానము?' అన్నడు. ఆంథోని నా దిక్కు చూసిండు. కోపంగ చూసినా బాగుండు. ఏం కాదు సారూ అన్నట్టు తల ఊపిండు. ఊపి లేచి నిలబడి, 'అయ్యా, నాకు చెవులు వినపడవు' అన్నడు. 'ఏండ్లయింది. నేను పండ్లతోని వింట. మాస్టారు ఇంజను బయట మోత విన్నడు, నేను లోపల విన్న. నమ్ముతరో నమ్మరో మీ ఇష్టం. నమ్మకపోతే రేపే షెడ్డు రేకులు విప్పుకుంట.'

ఒకడు వెనక నుంచి, 'పండ్లతోని వినుడేంది, చెవులతోని నములుతడా మరి?' అన్నడు. అందరు ఘొల్లున నవ్విన్రు. నవ్వింది ఎందుకో ఆంథోనికి తెల్వది, మొకాలు చూసి తను గూడ కొంచెం నవ్విండు. ఆ నవ్వు చూసి మా అక్కకు వచ్చింది కోపం! దవాఖానాలకు ఉరికి దూది, స్పిరిటు తెచ్చింది. 'సుకుమార్ గారూ, రాండ్రి ఇటు, కూసోండ్రి' అన్నది. ఆయన రెండు చెవులల్ల దూది కుక్కింది, పైనుంచి తన రెండు అరచేతులు అదిమింది. కట్టెను స్పిరిటుతోని తుడిచి, 'నోరు తెరువుండ్రి' అన్నది. పేషెంటుకు చెప్పినట్టే! అంత పెద్దమనిషి, ఇస్త్రీ అంగి, నోట్లె కట్టె. ఇంకో కొస హార్మోనియం చెక్కకు ఆనిచ్చి, మెల్లగ ఒక్క మెట్టు నొక్కమన్నది నన్ను. నొక్కిన. సుకుమార్ గారి కండ్లు గింత పెద్దగైనయ్. కట్టె నోట్లె ఉండంగనే ఏదో అన్నడు, ఎవరికి అర్థం కాలే. తీసి, 'వినబడుచున్నది!' అన్నడు. అంతే, ఇగ లైను కట్టిన్రు. ముసలోళ్లు, ఆడోళ్లు, కట్టుడు పండ్లోళ్లు. ఒక్కొక్కరి తరువాత మా అక్క స్పిరిటు పెట్టి తుడుసుడు, 'ఆ తరువాత' అనుడు. హార్మోనియం నొక్కి నొక్కి నా వేళ్లు పోయినయ్. అయినా సుకుమార్ గారు అంత జల్దీ ఒప్పుకునే మనిషా? 'హార్మోనియము సరే. ఇంజను సంగతి నేనే చూసెదను' అన్నడు. కట్టె రుమాలుల చుట్టుకొని మర్నాడు మొదటి బస్సుకు ఖమ్మం పోయిండు, అటునుంచి తల్లాడ పోయిండు. ఒక్కడే! కోటేష్ షాపుల ఆ తెల్లంగి పెద్దమనిషి వంగి ఇంజనుకు కట్టె ఆనిచ్చి కొరికిండంటే... కోటేష్ ఈసారి నవ్విండో ఏమో నాకు తెల్వదు. అందుకే చెప్తున్న బిడ్డా, ఫోటోల ఏముంటది, రంగు ఉంటది. నువ్వే పోయి, అది నడుస్తుండంగ దాని మీద చెయ్యన్నా వేసి చూడు.

మంగళవారం పొద్దుగాల. నేను షెడ్డు దగ్గరికి పోయి నిలబడ్డ, ఆంథోనికి మొకం చూపియ్యాలంటే భయమైతున్నది. ఇంజను సంగతి ఇంకా ఎవరు తేల్చి చెప్పలే గద, ఆయన నిజంగనే రేకుల బోల్టులు విప్పుతున్నడు, భార్య సామాన్లు గోనెసంచిల నింపుతున్నది. గప్పుడు స్కూటరు వచ్చింది. సుకుమార్ గారు దిగిండు, ఆయిలు మరకలు చూసుకోకుండ గుంత చుట్టు తిరిగి, నిచ్చెన కింద ఆంథోని మొకానికి ఎదురుగ పోయి నిలబడ్డడు. కట్టె చేతుల పెట్టిండు. ఒక్కొక్క మాట విడదీసి, పెదవులు పెద్దగ కదిపి చెప్పిండు, 'తల్లాడదే తెప్పించుము. నా స్కూటరు గూడ చూడుము.' ఆంథోని నిచ్చెన దిగిండు. విప్పిన బోల్టు చేతులనే ఉన్నది. దాన్ని తీసుకపోయి మళ్ల రేకుకు బిగించిండు, తరువాతనే స్కూటరు ముట్టుకున్నడు. ఆ ఇంజను జూన్ మొదటివారంల కారుల కూసున్నది. పదకొండేండ్లు నడిచింది బిడ్డా, మీ నానమ్మ రిటైరయ్యే దాకా. ఒక్కనాడు వాగుల ఆగలే. ఎంతమందిని భద్రాచలం చేర్చిందో రాసిపెట్టలే ఎవరు. అడవిల ఊర్లల్ల ఇప్పటికి ఎవరన్నా నన్ను చూసి, 'సారూ, మా అమ్మను మీ అక్క కారుల తీస్కపోయింది' అంటరు. నేను మనసుల, ఆంథోని తీస్కపోయిండు అనుకుంట.

నాకు మాత్రం ఏం చేసిండో చెప్పనా? ఆ జూన్‌ల బడి తెరిచిన్రు. అంతకుముందు నా అలవాటేందంటే, బోర్డు మీద రాసుకుంట, బోర్డుకే పాఠం చెప్పుకుంట పోవుడు. పిల్లలకు నా వీపే పాఠం. ఆ మొదటి రోజు గూడ సుద్ద పట్టుకొని బోర్డు దిక్కు తిరిగి మాట మొదలుపెట్టిన. మొదలుపెట్టి ఆగిపోయిన. వెనక నలభై మంది పిల్లలు. వీళ్లల్ల ఎవరికి వినపడుతున్నదో, ఎవరు వినపడ్డట్టు కూసున్నరో నాకేం తెలుసు? నాలుగేండ్లు పక్కనున్న మనిషినే పట్టుకోలేకపోయిన. ఇగ ఆ దినం సంది, రాసేటప్పుడు రాసిన, సుద్ద పక్కన పెట్టిన, వాళ్ల దిక్కు తిరిగిన, అప్పుడు మాట్లాడిన. మిగిలిన సర్వీసంతా గంతే. అందరు, 'ప్రభు సారు పాఠం నిదానంగ చెప్తడు, మంచిగ అర్థమైతది' అన్నరు. ఒక అవార్డు గూడ ఇచ్చిన్రు, మీ ఇంట్ల ఫోటో ఉండాలె. అది నా గొప్ప అనుకున్నరు. ఆ ఫోటో చూసి ఆంథోని మస్తు సంబరపడ్డడు, షెడ్డుల అందరికి మిఠాయి పంచిండు. ఆ అలవాటు ఆయన ఇచ్చిందే అని ఆయనకు తెల్వది. నేను చెప్పలే. రేపు చెప్దాం, ఈ పండక్కు చెప్దాం అనుకున్న... ఎదురుగ నిలబడి రెండు పెదవులు కదిపితే అయిపోయే మాట. గది గూడ...

లే బిడ్డా, మబ్బు పట్టింది. డాబా మీద మిరపకాయలు ఎండబోసిన్రు, పా, జల్దీ ఎత్తుదాం.